బలం గోలీలు

మెదక్,
ఫిబ్రవరి 9.

నా మనవరాలిని కన్న తల్లికి, మా మహతికి,

పాపకు ముద్దులు. నీకు ఆశీస్సులు.

రోజూ ఫోన్ ఉండగా అత్తకు ఉత్తరం రాసే పని ఏం పడిందని నవ్వుకుంటావు. నవ్వుకో. ఈ నాలుగు మాటలు ఫోన్‌లో చెప్పాలని పది రోజులుగా చూస్తున్నాను. నీ చేతిలో పాప ఉంటుంది కనుక నువ్వు స్పీకర్ పెడతావు. పక్కన మీ అమ్మ, మీ మేనత్త, పాపకు నీళ్ళు పోసే ఆమె అందరూ వింటుంటారు. పాపను తొట్టెలలో వేసిన నాడు కరీంనగర్ వచ్చినప్పుడైనా చెబుదామనుకున్నాను. నువ్వు నన్ను గదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, "అత్తమ్మా, బెల్లం ఏమన్న కనవడ్డదా?" అని అడిగావు. అప్పుడు చెప్పవలసింది. "లేదు బిడ్డా" అని, పాప బుగ్గన ఉన్న దిష్టి చుక్కను సరిచేస్తూ కూర్చున్నాను. ముప్ఫై ఏళ్ళు నర్సుగా రిజిస్టర్లు నింపిన చేయి, అక్షరాలు గొలుసుకట్టుగా ఉంటాయి. ఏదైనా మాట అర్థం కాకపోతే మీ ఆయన ప్రశాంత్‌ను మాత్రం అడగకు. వాడికి ఇంకా ఏమీ తెలియదు.

బెల్లం తప్పిపోలేదు. గొలుసు తెంపుకోలేదు. ప్రశాంత్ గేటు గొళ్ళెం వేయడం మరిచిపోలేదు. నేనే దాన్ని ఆటో ఎక్కించి ఏడుపాయల అమ్మవారి గుడికి పంపించి, అక్కడ వదిలిపెట్టించాను.

రాసేశాను. ఇప్పుడు మొదటి నుంచి చెబుతాను, ఓపికతో చదువు.

నువ్వు కాపురానికి వచ్చేటప్పుడు కుక్కను వెంట తెచ్చుకుంటానంటే మా వీధంతా నవ్వింది. "కోడలు అరణంగ కుక్కను తెచ్చుకుంటున్నదట" అని నేనే అందరికీ చెప్పి నవ్వించాను. ఒక్క షరతు పెట్టాను, గుర్తుందా? రోగం నొప్పి లేని కుక్క అయితేనే రానియ్యి అన్నాను. నువ్వు సరేనన్నావు. తండ్రి లాబ్రడార్, తల్లి మీ గల్లీ కుక్క అని చెబితే, తిండి తండ్రిది, తెలివి తల్లిది వచ్చాయి అన్నాను. షుగర్ ఉన్న మనిషి ఇంట్లో కుక్కకు బెల్లం అని పేరేమిటని కూడా అన్నాను. అన్నానే గానీ అది మంచి కుక్క. కుక్క అన్నాక కరవకపోయినా మొరగాలి కదా. ఇది పాలవాడికీ తోక ఊపేది, కరెంటు బిల్లు ఇచ్చేవాడికీ తోక ఊపేది. కుక్కర్ కూత పెడితే మంచం కింద దూరేది. వంటింటి గడప మీద గడ్డం ఆనించి పడుకునేదే తప్ప లోపలికి ఒక్క అడుగు వేసేది కాదు. ఆ గడప నేను నేర్పించిందే. ఒకే ఒక్కసారి కసిరితే నేర్చుకుంది.

ఏడో నెలలో నిన్ను పుట్టింటికి పంపేటప్పుడు కాగితం మీద అన్నీ రాసి ఫ్రిజ్‌కు అంటించి పోయావు. ఉప్పు లేని పెరుగన్నం, వారానికోసారి స్నానం, చెవుల వెనక గోమార్లు చూడాలి, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి బలం గోలీ. గోలీల డబ్బా నా చేతికే ఇచ్చి, "మరువద్దు అత్తమ్మా" అని రెండుసార్లు అన్నావు. ఇరవై రోజులు నువ్వు రాసినట్టే చేశాను. డిసెంబర్ మొదటి వారంలో గోలీలు ఆపేశాను. మనుషులకే బలం గోలీలు లేవు, బలిసిన కుక్కకెందుకు అనిపించింది. మూడో రోజు మధ్యాహ్నం ప్రశాంత్ మనోహరాబాద్ ఫ్యాక్టరీలో డ్యూటీలో ఉండగా, అది వాకిట్లో దబ్బున పడింది. కాళ్ళు కొట్టుకుంది. నోట్లో నుంచి నురగ. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ నన్ను చూడలేదు. సాయంత్రం మళ్ళీ అట్లాగే అయింది.

మహతీ, నిజాంపేటలో పనిచేసినప్పుడు కుక్క కరిచిన ఒక రైతును చూశాను. సూది వద్దని పసరు తాగాడు. నెల తర్వాత నీళ్ళ గ్లాసు చూపిస్తే గోడకు వెనక్కి వెనక్కి జరిగాడు. ఆ మనిషి ముఖం ఇప్పటికీ నాకు కనిపిస్తుంది. నెలన్నరలో నీకు కాన్పు, ఆ తర్వాత ఇంట్లోకి పసిబిడ్డ వస్తుంది. ఈ కుక్కకు పిచ్చి పడుతోందని భయపడ్డాను. మర్నాడు పొద్దున ప్రశాంత్ బండెక్కి పోగానే మన ఆటో రఘుపతిని పిలిచాను. ఏడుపాయలైతే వచ్చేవాళ్ళు అమ్మవారికి యాటలు కోస్తారు, వండుకు తింటారు, కొరకడానికి బొక్కలకు కొదువ లేదు, బతికినన్నాళ్ళు బతుకుతుంది అనుకున్నాను. ప్రశాంత్ వచ్చాక గొలుసు తెంపుకుంది, గేటుకు గొళ్ళెం వేసి లేదు అని చెప్పాను. పిల్లాడు వారం రోజులు చర్చి వెనక వీధుల నుంచి కోట కింది దాకా తిరిగాడు. వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు. నేను చూస్తూ ఊరుకున్నాను.

ఇంకా ఊరుకునేదాన్నే. కానీ నువ్వు వాడితో మాట్లాడడం మానేశావని మొన్న తెలిసింది. గొళ్ళెం వేయడం చేతగాని మనిషికి బిడ్డను ఎట్లా నమ్మి ఇస్తాను అన్నావట. వాడు నాకు చెప్పి, ముఖం కడుక్కోవడానికి పోయి చాలాసేపు రాలేదు. వాడి మీద కోపం తీసెయ్యి. కోపగించుకోవలసిన మనిషి నేను.

మీ అత్త,
లలితమ్మ


కరీంనగర్,
ఫిబ్రవరి 16.

అత్తమ్మకు నమస్కారాలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు మీ ఇంటి గడప మళ్ళీ తొక్కకూడదనుకున్నాను. ఉన్నది దాచకుండా రాస్తున్నాను, ఏమనుకోకండి. పాప ఏడుస్తుంటే అమ్మ వచ్చి తీసుకుపోయింది, నేను అట్లాగే కూర్చుండిపోయాను. రెండోసారి చదివినప్పుడు ఒక్క చోట ఆగిపోయాను. గోలీలు ఆపేశానని మీరు రాసిన చోట. అక్కడి నుంచి మీ మీద కోపం పెట్టుకుందామన్నా పెట్టుకోలేకపోతున్నాను.

అవి బలం గోలీలు కావు అత్తమ్మా. ఫిట్స్ గోలీలు.

బెల్లానికి రెండేళ్ళు నిండకముందే ఫిట్స్ మొదలయ్యాయి. పశువుల డాక్టర్ రక్తం అంతా పరీక్ష చేసి, ఇది కొన్ని కుక్కలకు పుట్టుకతో వస్తుంది, మనం పోగొట్టలేం, గోలీతో ఆపగలం అన్నారు. రోజూ పన్నెండు గంటలకోసారి ఒకటి. ఒక్క పూట కూడా తప్పొద్దు, ఒక్కసారిగా మానేస్తే ముందుకంటే ఎక్కువగా వస్తాయి అని గట్టిగా చెప్పారు. ఆ గోలీల వల్లే మీ ఇంట్లో ఏడాదిన్నర ఒక్కసారి కూడా పడలేదు. మా నాన్న నెలనెలా తెచ్చి పంపేవారు. మీరు నర్సు కదా, అట్ట చూస్తే పేరు గుర్తుపడతారని ఒక్కొక్కటీ ఊడదీసి బీ కాంప్లెక్స్ డబ్బాలో పోసేదాన్ని. మీ అబ్బాయికి కూడా చెప్పలేదు. రోగం లేని కుక్క అయితేనే రానియ్యి అన్నారు మీరు. జబ్బు ఉందంటే వద్దంటారని భయపడ్డాను. దాన్ని వదిలి రాలేకపోయాను. పెళ్ళికి ముందు ఆడిన అబద్ధం, తర్వాత ఎప్పుడు చెబుదామన్నా సందు దొరకలేదు. మీరు నాకు నెల తప్పిన రోజు పాయసం చేసి పెట్టారే, ఆ రోజు చెప్పేద్దామని నోటి దాకా వచ్చింది.

మీ చేతిలో డబ్బా పెట్టేటప్పుడైనా చెప్పవలసింది. ఫిట్స్ గోలీ అని తెలిస్తే మీరు చచ్చినా ఆపేవారు కాదు. మీరు ఎట్లాంటి నర్సో నాకు తెలియదా? అంగట్లో కనిపించిన తల్లులను కూడా ఆపి, పిల్లలకు గోలీ వేస్తున్నారా అని అడిగే మనిషి. తెలియక ఆపారు. తెలియకుండా చేసింది నేను. నురగ చూసి పిచ్చి అనుకోవడంలో మీ తప్పేమీ లేదు. ఎవరైనా అట్లాగే అనుకుంటారు. ఇంట్లోకి పసిపాప వస్తుందని చేశారు. నా కూతురి కోసమే కదా.

ఆయనకు ఫోన్ చేసి, గొళ్ళెం సంగతి మరిచిపోండి, తప్పు నాది అన్నాను. మీ సంగతి చెప్పలేదు. నేనే ఇంత అబద్ధం ఆడి, మీ మాట బయట పెట్టే హక్కు నాకు లేదు. అది మన ఇద్దరి మధ్యే ఉండనివ్వండి.

ఒక్కటే అడుగుతాను. ఒక్కసారి ఏడుపాయల పోయి చూడండి. మీరు పిలిస్తే వస్తుంది. డబ్బాలో గోలీలు ఇంకా ఉంటాయి. దొరికితే పెరుగన్నంలో ఒకటి పెట్టి, ఏదైనా పశువుల దవాఖానాకు తీసుకుపోండి. మసాలా బొక్కలు దాని కడుపుకు పడవు. పడిపోతే నోట్లో చేయి పెట్టకండి, తల కింద బట్ట పెట్టి ఊరుకోండి, దానంతట అదే లేస్తుంది. ఇవన్నీ మీకు తెలిసినవే. రాస్తే నాకు కొంచెం నిమ్మళంగా ఉంది.

మీ కోడలు,
మహతి


మెదక్,
ఫిబ్రవరి 24.

మహతికి,

నీ ఉత్తరం అందిన నాడే ఏడుపాయల పోయాను. గోలీల డబ్బా, పెరుగన్నం డబ్బా సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. రఘుపతి ఆటోలో పోవడానికి ముఖం చెల్లలేదు. దాన్ని విడిచిన చోటు నాకు తెలియదు కనుక ఒక్కొక్క అంగడి దగ్గరా ఆగి అడిగాను. కొబ్బరికాయలు అమ్మే కిష్టవ్వ అని ఒకామె, బెల్లం రంగు కుక్క అనగానే నన్ను ఎగాదిగా చూసింది.

"నీదా అమ్మా గా కుక్క?" అంది.

"మా కోడలిది" అన్నాను.

"ఆటోల దెచ్చి ఇడిసిండ్రు. గా ఆటోవాయననే చెప్పిండు, దీనికి పిచ్చిలేసేటట్టున్నది, జర దూరముండుండ్రి అని. మంచోడే, మా పిల్లలకు ఏమన్న అయితదని చెప్పిండు. మేం ఎవ్వల్నీ దగ్గరికి పోనియ్యలే. రెండు దినాలు గీ చింతచెట్టు కిందనే ఉన్నది. బొక్కలేస్తే వాసన జూసి ఇడిసిపెట్టింది. ఐతారం నాడు మంది మస్తుగున్నరు. మంది నడిమిట్లకు వచ్చి పడ్డది. కొట్టుకున్నది, నురగలొచ్చినయి. పిచ్చికుక్క, పిచ్చికుక్క అని ఒర్లిండ్రు. పొయ్యి కట్టెలు అందుకున్నరు." ఇంతవరకు చెప్పి కొబ్బరికాయలు సర్దింది. "లేసేటప్పుడు కొట్టిండ్రమ్మా. అది మల్ల మీదికి రాలే. అనుమానమొచ్చింది నాకు. అప్పటికే అయిపోయింది."

బెల్లం లేదు మహతీ. డిసెంబర్‌లోనే పోయింది. తొట్టెల నాడు నువ్వు తలుపు దగ్గరగా వేసి అడిగేనాటికి అది పోయి రెండు నెలలు. ఏటి పక్క ఇసుకలో పూడ్చారని చెబితే చూపించమన్నాను. ఆమె చేయి చాపి అటువైపు చూపించింది. అక్కడ గుర్తు ఏమీ లేదు. పెరుగన్నం అక్కడున్న కుక్కలకు పెట్టి వచ్చాను.

తిరిగి వచ్చి బస్టాండ్ దగ్గర రఘుపతిని పట్టుకుని, వాళ్ళకు ఎందుకు అట్లా చెప్పావని అడిగాను. పాపం, వాడికి ఏమీ అర్థం కాలేదు. "నువ్వే గద అమ్మా చెప్పింది. నర్సమ్మవు నువ్వు పిచ్చంటే పిచ్చే గదా. మల్ల గక్కడి పిల్లలను కరిస్తే పాపం నాకు తగులదా?" అన్నాడు.

ఇక్కడిదాకా రాసి ఉత్తరం ముగించవచ్చు. నువ్వు నాకు దారి కూడా ఇచ్చావు. తెలియక ఆపారు, పిచ్చి అనుకోవడం తప్పు కాదు, అన్నావు. ఆ మాటలు పట్టుకుని నాలుగు రోజులు హాయిగా తిరిగాను. రెండు పూటలా అన్నం తిన్నాను. కానీ నువ్వు అక్కడ పాపకు పాలిస్తూ, నేనే చంపాను నేనే చంపాను అనుకుంటూ ఉంటావని తెలిసి ఇక తినలేకపోయాను. నీ అబద్ధం చిన్నది. దాని కింద నా అబద్ధం దాక్కుని కూర్చుంది.

మహతీ, అది పిచ్చి కాదని నాకు ఆ రోజే తెలుసు.

నువ్వు కోపంలో ఉండి ఒక్క సంగతి ఆలోచించలేదు. ముప్ఫై ఏళ్ళు కుక్క కాట్లకు సూదులు వేసిన దాన్ని, నిజంగా పిచ్చికుక్క అనుకుంటే పిల్లాజెల్లా తిరిగే ఏడుపాయలలో వదిలిపెట్టిస్తానా? మున్సిపాలిటీకి ఫోన్ చేసేదాన్ని. వీధి వీధంతా తలుపులు వేయించేదాన్ని. మొదటి ఉత్తరంలో నీకు ఒకటి రాయలేదు. వాకిట్లో పడిన రెండు నిమిషాలకు అది లేచింది. కొంచెంసేపు గోడకు తగులుకుంటూ తిరిగింది. తర్వాత గిన్నెలో నీళ్ళు మొత్తం తాగింది. నేనే మళ్ళీ పోశాను, మళ్ళీ తాగింది. ఇట్లా పడి లేచిన పిల్లలను నా ఒళ్ళో ఎంతమందిని పడుకోబెట్టానో లెక్క లేదు. ఇది దయ్యం కాదు, గాలి కాదు, ఫిట్స్, గోలీ ఒక్క పూట ఆపినా ఊరుకోను అని తల్లులను తిట్టిన నోరు ఇది. చూడగానే ఫిట్స్ అని తెలిసింది. గోలీల సంగతి ఒక్కటి నిజంగా తెలియదు. తెలుసుకోవాలని ప్రయత్నం కూడా చేయలేదు. బీ కాంప్లెక్స్‌కు ఘాటైన వాసన ఉంటుంది. ఆ డబ్బాలో ఏ వాసనా లేదు. ఇరవై రోజులు మూత తీసి వేసినదాన్ని నేను.

రఘుపతి మొదట ఒప్పుకోలేదు. ఇంత మంచి కుక్కను ఎందుకు పంపుతున్నావమ్మా, కోడలొచ్చి అడిగితే ఏం చెప్తవు అన్నాడు. వాడి నోరు మూయించడానికి పిచ్చి పడుతోంది అన్నాను. ఆ ఒక్క మాటతో వాడు మారు మాట్లాడకుండా తువ్వాలతో దాని మూతి కట్టాడు. అది తోక ఊపుతూనే ఆటో ఎక్కింది. ఎక్కడం రాకపోతే వెనక కాళ్ళు నేనే ఎత్తి లోపల పెట్టాను.

ఎందుకు చేశావంటే పెద్ద కారణం చెప్పలేను. పసిబిడ్డ కోసం అని నాకు నేను చెప్పుకున్నాను. పూర్తిగా అబద్ధం కాదు గానీ, అసలు సంగతి అది కాదు. నువ్వు పోయాక రోజూ ఫోన్ చేసేదానివి. ఎత్తగానే "బెల్లం తిన్నదా అత్తమ్మా?" అనేదానివి. ఇరవై మూడు రోజులు విన్నాను. మీరు తిన్నరా అని నన్ను ఒక్క రోజైనా అడుగుతావేమో అని చూశాను. ఆ నెలలో నా షుగర్ మూడు వందలు దాటింది. ఒకనాడు వంటింట్లో కళ్ళు తిరిగి గోడ పట్టుకుని కూర్చున్నాను. అది గడప అవతల నుంచి మొరిగింది. నీ కుక్క మొరగగా ఆ ఒక్కసారే విన్నాను. గడప దాటి లోపలికి వచ్చి నా చేయి నాకింది. ఆ పొద్దు సాయంత్రం నువ్వు ఫోన్ చేసి మళ్ళీ దాని గురించే అడిగావు. నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాటి నుంచి గోలీలు ఆపాను. ఇంత చిన్న సంగతి. నిన్ను అడిగి ఉంటే, అయ్యో మరిచిపోయాను అత్తమ్మా అని నవ్వి ఊరుకునేదానివి. అరవై రెండేళ్ళ మనిషిని, కుక్కతో పోటీ పెట్టుకున్నాను.

ప్రశాంత్‌కు నిన్న అంతా చెప్పాను. మన ఇద్దరి మధ్య ఉండనివ్వమన్నావు గానీ, దాచినవే ఇంత దూరం తెచ్చాయి. నీ గోలీల సంగతి నువ్వే చెప్పుకో, అది నేను చెప్పలేదు. ఫిట్స్ అని తెలిసీ పిచ్చి అన్నానని చెప్పాను. వాడు కంచం పక్కకు జరిపి, "నేను గల్లీ గల్లీ తిరుగుతుంటే సూసుకుంట కూసున్నవా అమ్మా?" అన్నాడు. అవునన్నాను. లేచి పోయి బయట బండి మీద కూర్చున్నాడు. ఈ పొద్దు డ్యూటీకి పోతూ పోయొస్తా అని చెప్పలేదు.

పాపకు ఐదో నెల రాగానే నిన్ను తీసుకురావడానికి వాడొస్తాడు. నేను రాను. నువ్వు ఈ ఇంటికి రావచ్చు, వేరే ఇల్లు కిరాయికి చూసుకుందామని వాడితో అనవచ్చు. ఏదైనా నేను మారు మాట్లాడను. ఇక్కడికే వచ్చినా, పాపను నా చేతికి ఇవ్వాలని నీకు అనిపించకపోవచ్చు. పాపకు ఏ గోలీ వేశారు, ఎంత వేశారు అని నన్ను అడగాలన్నా, అడిగి నేను చెప్పింది నమ్మాలన్నా నీకు కష్టమే. అందుకు నిన్ను తప్పు పట్టను. మనవరాలిని ఎందుకు ఎత్తుకోవని వీధిలో వాళ్ళు అడుగుతారు కదా, నడుం నొప్పి అని చెప్తాలే, నువ్వు ఇబ్బంది పడకు అని ముందు రాశాను. రాసి కొట్టేశాను, పైన గీత చూడు. అదీ అబద్ధమే. అడిగినవాళ్ళకు నువ్వు ఎందుకు ఇవ్వడం లేదో ఉన్నది ఉన్నట్టు నేనే చెప్తాను.

లలితమ్మ